బాగ్దాద్ కాపీ, అమ్మాన్ డేట్‌లైన్: డెస్క్ వైపు నుంచి ఒక కేస్

ఇది సద్దాం ఏలే ఇరాక్ మీదికి అమెరికా యుద్ధానికి వెళ్లిన రోజుల్లో, 2002 సెప్టెంబర్ నుంచి 2003 ఏప్రిల్ దాకా నడిచిన వ్యవహారం. అప్పట్లో నేను దుబాయ్‌లో ఒక వార్తా సంస్థ డెస్క్‌లో ఉండేవాణ్ని, బాగ్దాద్ కాపీ, అంటే అక్కడి మా విలేకరి రాసి పంపే వార్త, నా చేతి మీదుగానే బయటికి వెళ్లేది. సంస్థ పేరు చెప్పను, విలేకరి పేరు చెప్పను, ఆవిడ అని రాస్తున్నా గానీ అది కూడా మార్చి ఉండొచ్చు, పట్టించుకోకండి. ఇన్నేళ్ల తర్వాత ఎందుకు రాస్తున్నానంటే ఈమధ్య ఫారిన్ డెస్క్‌లో కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు అడిగారు, నియంత ఏలే దేశంలో యుద్ధం జరుగుతుంటే విలేకరి పని ఎలా ఉంటుంది సార్ అని. విలేకరి కష్టాలు చాలామంది చెప్పారు. నాకు చెప్పాలనిపించేది ఆవిడ కారులో ముందు సీట్లో కూర్చున్న మనిషి సంగతి, డెస్క్‌లో కూర్చుని నేను చేసిన తప్పు సంగతి.

ముందు అక్కడి పద్ధతి చెప్తా

సద్దాం ఇరాక్‌కి జర్నలిస్ట్ వీసా దొరకడమే పెద్ద తంతు, దొరికినా మామూలుగా పది రోజులకే ఇచ్చేవాళ్లు, ఆ తర్వాత పొడిగిస్తారా పొమ్మంటారా అన్నది సమాచార మంత్రిత్వ శాఖ వాళ్ల దయ. పక్క దేశం జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి జీఎంసీ బండిలో బయల్దేరితే దాదాపు 900 కిలోమీటర్ల ఎడారి రోడ్డు. సరిహద్దులో పెట్టెలన్నీ విప్పిస్తారు, శాటిలైట్ ఫోన్ ఉంటే రాసుకుని సీల్ వేస్తారు, ఎయిడ్స్ టెస్ట్ అని సూది తీస్తారు, ఆ సూది ఎంతమందికి వాడారో అని భయపడి చెయ్యి తడిపి తప్పించుకున్నామనే వాళ్లే నాకు ఎక్కువమంది తగిలారు. బాగ్దాద్‌లో దిగడం కూడా వాళ్లు చెప్పిన హోటళ్లలోనే. అల్ రషీద్ హోటల్ గుమ్మంలో 1991 గల్ఫ్ యుద్ధం నాటి అమెరికా అధ్యక్షుడు సీనియర్ బుష్ మొహం నేల మీద మొజాయిక్‌లో పరిచి ఉండేది, తొక్కకుండా లోపలికి పోవడం కష్టం, ఆవిడ మొదటిసారి వెళ్లినప్పుడు సూట్‌కేస్ చక్రాలు సరిగ్గా ముక్కు మీద ఇరుక్కున్నాయట.

శాటిలైట్ ఫోన్ మంత్రిత్వ శాఖ బిల్డింగ్‌లోని ప్రెస్ సెంటర్‌లోనే ఉంచాలి, అక్కడి నుంచే మాట్లాడాలి. హోటల్ గదిలో దొరికితే గూఢచారివే. మామూలు ఫోన్ వింటారని అందరికీ తెలుసు. ఇక మైండర్. ఈ మాటకి తెలుగులో ఏం రాయాలో నాకు ఇప్పటికీ తోచలేదు, దుబాసీ అంటే మరీ మర్యాదగా ఉంటుంది, కాపలా అంటే సగమే చెప్పినట్టుంటుంది. శాఖ మనకి అప్పజెప్పిన మనిషి అన్నమాట, వెంట తిరుగుతాడు, తర్జుమా చేస్తాడు, మనం ఎవరితో ఏం మాట్లాడామో పైవాళ్లకి చెప్తాడు. అతను పక్కన లేకుండా రోడ్డు మీద ఎవర్నీ పలకరించకూడదు. జీతం గవర్నమెంట్‌ది, అయినా రోజువారీ ఫీజు మన దగ్గరే వసూలు చేస్తారు, అదీ డాలర్లలో. ఊళ్లో ఖర్చులకి మాత్రం 250 దినార్ల నోట్లు, ప్లాస్టిక్ సంచుల్లో కట్టలు కట్టలు మోసుకు తిరగాలి.

ఒక్క విషయం చాలామంది పొరబడతారు. 2002లో మా కాపీని ముందుగా ఎవరూ సెన్సార్ చెయ్యలేదు. 1991 గల్ఫ్ యుద్ధంలో బాగ్దాద్‌లో ఉండిపోయిన టీవీ వాళ్లు స్క్రిప్ట్ చూపించి, ఒప్పించుకుని మాట్లాడాల్సి వచ్చేది. ఈసారి రాసుకో, పంపుకో, అచ్చయ్యాక మేం చదువుకుంటాం అన్నట్టుండేది. నాకైతే ఇదే ఎక్కువ భయం అనిపించేది, సెన్సార్ ఉంటే కనీసం గీత ఎక్కడుందో తెలుస్తుంది, ఇక్కడ ఎవరికి వాళ్లు ఊహించుకుని ఆ గీతకి రెండడుగులు ఇవతలే ఆగిపోతారు.

అందరి బుర్రలోనూ ఫర్జాద్ బాజోఫ్త్ ఉండేవాడు. లండన్ అబ్జర్వర్‌కి రాసేవాడు, ఒక సైనిక కర్మాగారంలో పేలుడు గురించి కూపీ లాగడానికి వెళ్లి 1989 సెప్టెంబర్‌లో దొరికాడు, 1990 మార్చి 15న ఉరి తీశారు. అతన్ని కారులో తీసుకెళ్లిన బ్రిటిష్ నర్సు డాఫ్నీ పారిష్‌కి పదిహేనేళ్ల జైలు వేసి కొన్ని నెలలకి వదిలారు. మా డెస్క్‌లో బాజోఫ్త్ పేరు తెలియనివాడు లేడు, బండి నడిపినావిడ పేరు అడిగితే మాత్రం ఇద్దరో ముగ్గురో చెప్పేవాళ్లు.

అక్టోబర్‌లో ఏమైంది

అక్టోబర్ 15న రెఫరెండం పెట్టారు, సద్దాం ఉండాలా వద్దా అని. ఓటర్లు 1,14,45,638 మంది, అందరూ వేశారు, అందరూ ఉండాలనే వేశారు, అక్షరాలా నూటికి నూరు. ఆ సంబరంలో 20వ తారీఖున క్షమాభిక్ష ప్రకటించారు, అబూ గ్రైబ్ జైలు గేట్లు తెరిచేశారు, జనం జనం మీద పడి తొక్కుకుంటూ వచ్చారు. ఎవరూ అనుకోనిది ఆ తర్వాత రెండ్రోజులకి జరిగింది. జైళ్లు ఖాళీ అయ్యాయి గదా, మా పిల్లాడేడి, మా ఆయనేడి అని కొంతమంది, ఎక్కువగా ఆడవాళ్లు, నల్ల అబాయాలేసుకుని సాక్షాత్తూ సమాచార మంత్రిత్వ శాఖ ముందుకే వచ్చి నిలబడ్డారు. ఆ ఊళ్లో ప్రభుత్వాన్ని నిలదీస్తూ గుంపు చేరడం అనేది ఊహకందని విషయం.

మా విలేకరి అక్కడే ఉంది. ఆవిడ మైండర్ గతంలో కాలేజీలో ఇంగ్లీషు చెప్పినాయన, ఇరాక్ మీద ఐక్యరాజ్యసమితి ఆర్థిక ఆంక్షల కాలంలో లెక్చరర్ జీతం గుడ్ల ట్రేకి కూడా చాలక ఈ పనిలో చేరాడు. నేను మనసులో మాస్టారు అనుకునేవాణ్ని, ఇక్కడా అలాగే అంటా. గేటు దగ్గర ఒక ముసలావిడ ఏదో గట్టిగా అంటోంది, మాస్టారు తర్జుమా చేస్తున్నాడు, మధ్యలో ఒక వాక్యం వదిలేశాడు. ఆవిడకి అరబిక్ వచ్చింది కొంచెమే గానీ ముసలావిడ నాలుగు మాటలంటే మాస్టారు ఇంగ్లీషులో రెండే అన్నాడని తెలిసిపోయింది. కారెక్కాక, డ్రైవర్ పెట్రోల్ దగ్గర దిగినప్పుడు, వెనక్కి తిరక్కుండా, అద్దంలోంచి రోడ్డు చూస్తూనే ఆ వాక్యం చెప్పాడట. సద్దాం కొడుకు గురించి.

ఆవిడ కాపీ పంపింది, ఆ వాక్యంతో సహా. నాకు తెగ నచ్చింది. ఏడో పేరాలో ఉన్నదాన్ని తెచ్చి రెండో పేరాలో పెట్టింది నేనే. ప్రపంచమంతా వాడుకుంది.

మర్నాటి నుంచి మూడు రోజులు మాస్టారు రాలేదు. ఇంకో కుర్రాడు వచ్చాడు, ఏమడిగినా తెలియదన్నాడు. నాలుగో రోజు మాస్టారే వచ్చాడు, అదే కోటు, అదే టై, ఏమీ జరగనట్టు గుడ్ మార్నింగ్ మేడమ్ అన్నాడు. ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రోజుల్లోనే కొందరు విదేశీ విలేకర్లని దేశం వదిలి వెళ్లమన్నారు, మా విలేకరికి మాత్రం వీసా పొడిగించారు. అది ఇంకా అనుమానంగా అనిపించింది.

అక్కడి నుంచి కాపీ చప్పబడిపోయింది. అధికారులు చెప్పారు, అధికారులు ఖండించారు, అంతే. హెడ్డాఫీసు నుంచి నాకు అక్షింతలు మొదలయ్యాయి, మీ రిపోర్టర్ మినిస్ట్రీ బులెటిన్ రాస్తోందా అని. నేను కూడా మొదట అదే అనుకున్నా సిగ్గులేకుండా, భయపడిపోయిందనో, అలవాటు పడిపోయిందనో. ముసలావిడ ఆ వాక్యం అన్నప్పుడు పక్కన ఇంగ్లీషు వచ్చిన ఇరాకీ ఒకే ఒక్కడున్నాడని, అది ఇంగ్లీషులోకి వచ్చిందంటే ఎవరి నోటి నుంచి వచ్చిందో చిన్నపిల్లాడైనా చెప్పగలడని నాకు తట్టడానికి పదకొండు రోజులు పట్టింది.

చేసి చూసినవి, చెడిపోయినవి

మొదట ఒత్తిడి పెట్టాం. గట్టి ప్రశ్నలు వెయ్యి, జనంలోకి వెళ్లు అని ఫోన్‌లో చెప్పాం, అంటే వింటున్నవాళ్లక్కూడా చెప్పామన్నమాట. ఇంతకంటే తెలివితక్కువ పని ఉండదు, దీన్ని ఇక్కడితో వదిలేస్తా.

తర్వాత సంకేత భాష. ఇక్కడ దుమ్ము ఎక్కువగా ఉంది అని ఆవిడ అంటే నా మీద ఒత్తిడి ఉంది అని అర్థం, ఒక వ్యక్తి అమ్మాన్ మీదుగా వెళ్తూ ఈ ఏర్పాటు ఆవిడ చెవిన వేశాడు. బాగ్దాద్‌లో దుమ్ము ఉండటం ఏం వింత చెప్పండి. నవంబర్‌లో ఒక సాయంత్రం ఆవిడ మామూలుగానే దుమ్ముతో దగ్గు వస్తోందంది, నైట్ షిఫ్ట్‌లో ఉన్నతను కంగారుపడి నేరుగా ప్రెస్ సెంటర్‌కే ఫోన్ చేసి మా రిపోర్టర్ క్షేమంగా ఉందా అని అడిగాడు. మర్నాడు ఆవిణ్ని పిలిచి మీ ఆఫీసువాళ్లు ఎందుకు భయపడుతున్నారు, మేం ఏమైనా చేశామా అని నవ్వుతూ అడిగారట, ఆ నవ్వే బాగాలేదంది. సంకేతాలు అక్కడితో బంద్. మార్చి చివర్లో నిజంగానే ఇసుక తుపాను వచ్చి బాగ్దాద్ ఆకాశం పట్టపగలు నారింజ రంగుకి తిరిగింది, అప్పటికి ఆ కోడ్ లేకపోవడం మా అదృష్టం.

మూడోది తురాయా శాటిలైట్ ఫోన్. చిన్నది, జేబులో పట్టేది, అప్పటికి కొత్త. చాలామంది దొంగచాటుగా తెచ్చుకునేవాళ్లు, రాత్రి లైట్లు ఆర్పి బాల్కనీలోంచి యాంటెనా ఆకాశానికి పెట్టి కాపీ చదివేవాళ్లు. మేమూ ఒకటి పంపాం. ఆవిడ బాత్రూమ్ ఫాల్స్ సీలింగ్‌లో దాచింది. పది రోజులు బాగానే నడిచింది, ఆ పది రోజుల కాపీ కూడా బాగుంది, ఒప్పుకోవాలి. ఒక పొద్దున గది ఊడ్చే కుర్రాడు తువ్వాళ్లు మడతపెడుతూ, మేడమ్, రేపు ఈ ఫ్లోర్‌లో పైన కూడా చూస్తారట అని గోడకి చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయాడు. వాడికి తెలుసన్నమాట, ఎన్నాళ్ల నుంచో తెలుసు, చెప్పలేదు. దొరికితే ఆవిణ్ని అమ్మాన్ బండి ఎక్కిస్తారు, వాణ్ని ఎక్కడికి తీసుకెళ్తారు? ఆవిడ ఆ సాయంత్రమే దాన్ని వదిలించుకుంది, ఎలా అనేది రాయను. అప్పుడు ఆవిడన్న మాట నా నోట్‌బుక్‌లో ఉంది, "నేను దాచే ప్రతి వస్తువుకీ ఒక ఇరాకీ కాపలా కాస్తున్నాడు, నాకు చెప్పకుండా" అని.

నాలుగోది బైలైన్, అంటే వార్త మీద ఆవిడ పేరు, తీసెయ్యడం. పనికిరాలేదు, బాగ్దాద్‌లో మాకున్నది ఒక్క మనిషే, పేరు లేకపోతే మాత్రం ఎవరో తెలీదా.

ఆవిణ్ని వెనక్కి రప్పించొచ్చు గదా అని మీకనిపిస్తుంది, హెడ్డాఫీసుకీ అనిపించింది. నేనూ ఆవిడా కూడా వద్దన్నాం, వేరువేరు కారణాలతో. ఆవిడ వృత్తి కారణం ఆవిడది. నా లెక్క వేరే, అక్టోబర్ వాక్యం మాస్టారి ఫైల్లో ఉంటే ఉంది, ఆవిడ వచ్చేసినంత మాత్రాన అది చెరగదు, పైగా అంతవరకూ ఉన్న విలేకరి హఠాత్తుగా మాయమైతే ఎందుకని మొదట అడిగేది ఆయన్నే.

ఒకాయన ఫోన్ మీటింగ్‌లో సూటిగా అడిగాడు, అతను వాళ్ల మనిషి, మన మీద రిపోర్టులు రాస్తాడు, అతన్ని కాపాడటం మన పనా అని. అది తోసెయ్యాల్సిన ప్రశ్న కాదు. నాకు వెంటనే గుర్తొచ్చింది నేను కుర్రతనంలో పనిచేసిన జిల్లా ఎడిషన్. ఇసుక లారీల మీదో రేషన్ బియ్యం మీదో వార్త టౌన్‌లో ఉండే స్టాఫర్ పేరుతో వస్తుంది, ఆ వివరాలు ఇచ్చిన మండల కంట్రిబ్యూటర్‌కి మాత్రం మర్నాడు ఊళ్లో టీకొట్టు దగ్గర వాళ్లు ఎదురుపడతారు. వాడు మంచోడా చెడ్డోడా, అడ్వర్టైజ్‌మెంట్ కమిషన్ తింటాడా అని మేం అప్పుడు లెక్కేశామా? లేదు, వాడు సాయంత్రం బస్సెక్కి ఊరు వదిలి పోలేడు, అదొక్కటే లెక్క. మాస్టారి విషయంలోనూ అంతే, ఆయన రిపోర్టులు రాసేవాడనడంలో నాకెప్పుడూ సందేహం లేదు.

నిలబడిన ఏర్పాటు

వీసా తిప్పలకి ఆవిడ మూడు వారాలకోసారి ఎలాగూ అమ్మాన్ రావాలి. దాన్నే పట్టుకున్నాం. నేను దుబాయ్ నుంచి వెళ్లేవాణ్ని, ఒక హోటల్ గదిలో రెండు రోజులు కూర్చునేవాళ్లం. నోట్‌బుక్ తెచ్చేది కాదు, సరిహద్దులో చదువుతారు. అంతా జ్ఞాపకమే. ఆవిడ పద్ధతి చిత్రంగా ఉండేది, గదిలో అటూ ఇటూ నడుస్తూ బాగ్దాద్ వీధుల వరసలో చెప్పేది, ఇక్కడ కిళ్లీకొట్టు లాంటిది ఉంది, ఇక్కడ మలుపు, ఈ మలుపులో ఇతను ఇలా అన్నాడు అని. నేను టైప్ చేసేవాణ్ని.

తర్వాత ఆ కాగితాన్ని రెండు ముక్కలు చేసేవాళ్లం. కంటితో చూసింది, అందరి ముందూ జరిగింది బాగ్దాద్ డేట్‌లైన్‌తో, అంటే వార్త మొదట్లో వేసే ఊరి పేరుతో, ఆవిడ పేరు మీద. చెవిన పడింది, ఒక మనిషి ఒంటరిగా చెప్పింది అమ్మాన్ డేట్‌లైన్‌తో, ఇంకో రిపోర్టర్ పేరు కలిపి, కొన్ని వారాలు ఆగి, పేట పేరు తీసేసి. అమ్మాన్‌లో అప్పటికే లక్షల్లో ఇరాకీలున్నారు, ఇటీవల ఇరాక్ నుంచి వచ్చినవాళ్లు చెప్పారు అంటే చెప్పింది ఎవరో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అది అబద్ధమా? ఆవిడ కూడా ఇటీవల ఇరాక్ నుంచి వచ్చిన మనిషే కాబట్టి అక్షరం ప్రకారం నిజమే, పాఠకుడు అనుకునేది మాత్రం వేరే. మా సీనియర్ ఒకాయన ఇది సగం మోసం అన్నాడు. ఆయనకి నేనిచ్చిన జవాబు నాకే పూర్తిగా నచ్చలేదు, అయినా ఆ పద్ధతి మార్చలేదు.

బాగ్దాద్ కాపీకి ఒకటే పరీక్ష పెట్టుకున్నా. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఈ మాట ఎంతమంది నోటి నుంచి వచ్చి ఉండొచ్చు అని వేళ్ల మీద లెక్కేసేవాణ్ని. రెండు చేతుల వేళ్లూ నిండకపోతే అది బాగ్దాద్ నుంచి వెళ్లదు, ఎంత అందమైన వాక్యమైనా సరే. అందమైనవే ఎక్కువ పోయేవి, ఎందుకంటే మనసుకి తగిలే మాట ఎప్పుడూ ఒక్క మనిషిదే అయ్యుంటుంది. అలా ఆపిన ఒక స్టోరీ మాకంటే ముందు వేరేవాళ్లు వేసేశారు, ఆ వారం నాకు పడ్డ తిట్లు నాకే తెలుసు.

ఇంకోటి, ఇది యుద్ధం మొదలయ్యాక బాగా పనికొచ్చింది. ఆంక్షల మధ్య పంపిన కథనం అని పైన ఒక లైను తగిలించడం అందరూ చేసేదే, ఎవరూ చదవరు. మేం ఆ ఆంక్షల్నే వార్తలో భాగంగా రాశాం. మార్చి 26న అల్ షాబ్‌లో, 28న షువాలాలో మార్కెట్ల మీద పేలుళ్లు జరిగి చాలామంది చనిపోయారు, ఎవరి క్షిపణి అని రెండు పక్కలా వాదన. అలాంటి చోట్లకి విలేకర్లని బస్సుల్లో తీసుకెళ్లేవాళ్లు. ఆవిడ కాపీలో శవాల పక్కనే ఇదీ ఉండేది, మమ్మల్ని బస్సులో తెచ్చారు, ఇంతసేపే ఉండనిచ్చారు, వీధి అవతలి వైపు చూస్తామంటే వద్దన్నారు, గుంట ఇంత లోతు ఉంది, క్షిపణి ఎవరిదో నాకు కనిపించలేదు. అదంతా అక్కడున్న వందమందికీ కనిపించేదే, కాబట్టి వేళ్ల పరీక్ష పాసవుతుంది, పాఠకుడికీ తను ఏ కిటికీలోంచి చూస్తున్నాడో తెలుస్తుంది.

యుద్ధం మొదలైన మర్నాడు, మార్చి 21న, సీఎన్ఎన్ వాళ్లని పంపేశారు. ఆ తర్వాత అమెరికా పత్రిక న్యూస్‌డే విలేకరినీ ఫొటోగ్రాఫర్‌నీ హోటల్ నుంచే పట్టుకెళ్లి ఎనిమిది రోజులు అబూ గ్రైబ్‌లో పెట్టారు. మంత్రిత్వ శాఖ బిల్డింగ్ మీదా క్షిపణులు పడ్డాయి, ప్రెస్ సెంటర్ పాలస్తీన్ హోటల్‌కి మారింది, సమాచార మంత్రి సహాఫ్ అక్కడే నిలబడి నగరంలో అమెరికన్లు లేరు అని చెప్పేవాడు. విచిత్రం చూడండి, ఏప్రిల్ 8న మావాళ్ల మీదికి వచ్చిన గుండు ఆ నియంతది కాదు. అమెరికన్ ట్యాంకు పాలస్తీన్ హోటల్ మీద కాల్చింది, రాయిటర్స్ కెమెరామన్ తరాస్ ప్రొత్స్యుక్, స్పెయిన్ టెలెసింకో కెమెరామన్ హోసే కూసో పోయారు, అదే పొద్దున అల్ జజీరా ఆఫీసు మీద బాంబు పడి తారిక్ అయ్యూబ్ పోయాడు. ఆరు నెలలుగా మేం వేసుకున్న జాగ్రత్తల్లో ఇది ఎక్కడా లేదు. మా విలేకరి అప్పుడు కింది అంతస్తులో టీ కోసం లైన్లో ఉంది.

తొమ్మిదో తారీఖు పొద్దున మైండర్లు ఒక్కళ్లూ రాలేదు. సాయంత్రానికి హోటల్ ఎదురుగా ఫిర్దోస్ చౌరస్తాలో సద్దాం విగ్రహం కూలింది. రెండ్రోజులకి సీఎన్ఎన్ వార్తా విభాగం పెద్ద ఈసన్ జోర్డాన్ న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు, తమ దగ్గర పనిచేసే ఇరాకీల ప్రాణాల కోసం ఏళ్ల తరబడి కొన్ని దారుణాల్ని బయటపెట్టలేదని. అందరూ ఆయన్ని ఉతికి ఆరేశారు, అంత భయమైతే అక్కడ బ్యూరో ఎందుకు పెట్టుకున్నావ్ అని. నేను ఆ గోలలో నోరెత్తలేదు. కొన్నాళ్లు ఆగి వేరే చోటు నుంచి వెయ్యడానికీ, అసలు వెయ్యకపోవడానికీ తేడా ఉందని నా అభిప్రాయం, కానీ మా సొరుగులో ఏప్రిల్ దాకా ఉండిపోయిన కాగితాలు నాకు తెలుసు కదా.

మాస్టారు ఏప్రిల్ 13న వచ్చాడు. టై లేదు, గడ్డం పెరిగింది, హోటల్ బయట ముళ్లకంచె దగ్గర అమెరికన్ సైనికుడికి తన ఇంగ్లీషులో నచ్చజెప్పుకుంటుంటే ఆవిడ చూసి లోపలికి తెచ్చుకుంది. ట్రాన్స్‌లేటర్ కావాలా అని అడిగాడు, రేటు కూడా తనే చెప్పాడు, శాఖ వసూలు చేసినదానికంటే తక్కువ. కుదిరింది. ఆ సాయంత్రం టీ తాగుతూ ఆవిడ మొత్తానికి అడిగేసింది, అక్టోబర్‌లో ఆ మూడు రోజులు ఏమైంది అని. మా అమ్మాయికి జ్వరం మేడమ్, హాస్పిటల్లో పెట్టాం అన్నాడు. ఆ వాక్యం గురించి ఎవరూ ఏమీ అడగలేదా అంటే ఏ వాక్యం అన్నాడు. ఆవిడ నాకు ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పింది, తురాయాలో, కిటికీ దగ్గర నిలబడి, దాచుకోకుండా. నమ్ముతున్నావా అనడిగా. ఆయన చేతులు చూశాను, కప్పు సాసర్‌లో పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించాడు అంది, మళ్లీ వెంటనే, అయినా ఈ ఊళ్లో ఇప్పుడు ఎవరి చేతులు వణకట్లేదు అంది.